కొండ మీద అడిగిన ప్రశ్న: ప్రవరుడు, వరూధిని, పార్వతి

ట్రెక్కుల సీజన్ వచ్చిందంటే మన ఫోన్లలో ఒక రకం వీడియో తప్పకుండా తిరుగుతుంది. కొండ శిఖరం, వెనకాల మంచు, అప్పుడే పడుతున్న ఎండ. ఒకరు మోకాలి మీద కూర్చుని ఉంగరం చూపిస్తారు. ఎదుటివాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొడతారు. వీడియో అక్కడితో అయిపోతుంది. తర్వాత ఇద్దరూ కొండ దిగాలి కదా, ఆ దిగడం మాత్రం ఎవరూ తియ్యరు.

అవతలివాళ్లు 'సరే' అంటే దిగడం హాయిగానే ఉంటుంది. 'వద్దు' అనాలనుకుంటే? ఆ మాట అనడానికి అక్కడ వీలుంటుందా? ఈ వ్యాసంలో నేను పట్టుకున్న ప్రశ్న ఇదే. దీనికి జవాబు వెతకడానికి కొత్త పుస్తకాలు అక్కర్లేదు. కొండ మీద 'నన్ను ఒప్పుకో' అని అడిగే ఘట్టం మన కావ్యాల్లో చాలా పేరున్న ఘట్టం. రెండు చోట్ల చూద్దాం. ఒకటి అల్లసాని పెద్దన మనుచరిత్ర, రెండోది కాళిదాసు కుమారసంభవం. రెండూ హిమాలయం మీదే జరుగుతాయి. ఒకచోట అడగడం చెడింది, ఇంకోచోట కుదిరింది. ఎందుకో పోల్చి చూస్తే మనకి పనికొచ్చే సంగతులు కొన్ని దొరుకుతాయి.

పసరు కరిగిపోయింది

పెద్దన శ్రీకృష్ణదేవరాయల ఆస్థాన కవి. రాయలు పాలించింది 1509 నుంచి 1529 వరకు. అంటే ఈ కావ్యం వయసు సుమారు ఐదువందల ఏళ్లు. దీని అసలు పేరు స్వారోచిష మనుసంభవం. మూలకథ మార్కండేయ పురాణంలోది. పురాణంలో చిన్నగా ఉన్న కథని పెద్దన ఆరు ఆశ్వాసాల ప్రబంధంగా పెంచాడు. అందులో అందరికీ గుర్తుండేది మాత్రం ప్రవరుడు, వరూధిని కలిసే ఆ కాసేపే.

కథ క్లుప్తంగా ఇదీ. వరణా నది ఒడ్డున అరుణాస్పదమనే ఊరు. అక్కడ ప్రవరుడనే గృహస్థు. ముసలి తల్లిదండ్రులు, భార్య, శిష్యులు, రోజూ చెయ్యాల్సిన అగ్నిహోత్రం. ఇల్లు కదలడానికి కుదరదు కానీ తీర్థాల గురించి వినాలంటే చెవి కోసుకుంటాడు. ఒకరోజు ఒక సిద్ధుడు అతిథిగా వచ్చి తాను చూసిన చోట్లన్నీ చెప్పాడు. ఇంత చిన్న వయసులో ఇన్ని ఎలా చూశావంటే, కాళ్లకి రాసుకునే ఒక పసరు మహిమ అన్నాడు. ప్రవరుడు అడిగాడు, సిద్ధుడు పూశాడు. క్షణంలో ప్రవరుడు హిమాలయం మీద ఉన్నాడు.

చూడాల్సినవి చూశాడు. పొద్దెక్కింది, ఇక ఇంటికి పోదామనుకున్నాడు. అప్పుడు తెలిసింది, కాళ్లకున్న పసరు మంచుకి తడిసి కరిగిపోయిందని. తిరిగి వెళ్లే సాధనం పోయింది. ఇంజనీరింగ్ చదివేవాళ్లం కాబట్టి ఒక మాట: ఈ కథలో మొదటి తప్పు ప్రేమలో లేదు, ప్లానింగులో ఉంది. రిటర్న్ దారి చూసుకోకుండా శిఖరం ఎక్కాడు పాపం.

దారి ఎవరి చేతిలో ఉంది?

దిక్కు తోచక తిరుగుతుంటే గాలిలో కస్తూరి, కర్పూరం కలిసిన తాంబూలపు వాసన వచ్చింది. మనుషులెవరో ఉన్నారనుకుని ఆ వైపు వెళ్లాడు. వరూధిని అనే అప్సరస వీణ వాయిస్తూ కనిపించింది. అతను తన పేరు చెప్పి, దారి తప్పాను, మా ఊరికి దారి చెప్పమని అడిగాడు.

ఆమె దారి చెప్పలేదు. అంత పెద్ద కళ్లు పెట్టుకుని దారి కనబడలేదా, ఒంటరిగా ఉన్న ఆడపిల్లని పలకరించడానికి ఇదో వంక కదా అని ఆట పట్టించింది. తన గురించి చెప్పుకుంది. అలిసిపోయావు, మా ఇంటికి వచ్చి విశ్రాంతి తీసుకోమంది. ఆ పద్యాల సొగసు గురించి మనవాళ్లు ఎంతో రాశారు. మాటలో చనువుంది, హాస్యముంది, తెలివుంది. సరదాగా చదువుకుంటాం. కానీ ఆ సొగసు కాస్త పక్కన పెట్టి ఇద్దరూ ఉన్న చోటు చూడండి.

ఆ కొండ ఆమెకి ఇల్లు. ఆ మంచు, ఆ గుహలు, ఆ దారులు అన్నీ ఆమెకి తెలుసు. అతనికి ఏమీ తెలియదు. సాయంత్రంలోగా ఇల్లు చేరాలి, చేర్చగలిగింది కనుచూపు మేరలో ఆమె ఒక్కతే. సరిగ్గా ఆ మనిషే అతన్ని కోరుతోంది. అంటే 'వద్దు' అంటే ఇంటికి దారి దొరకదేమో అనే భయం ఆ సంభాషణ అంతటా ఉంది. ప్రవరుడు ఎంత మర్యాదగా మాట్లాడతాడో చూడండి. మీరు దేవతలు, మీకు చేతకానిది లేదు, నన్ను మా ఇంటికి చేర్చే ఉపాయం చెప్పండన్నట్టు బతిమాలుకుంటాడు. అది వినయమే, కాదనను. అయితే చిక్కుకుపోయినవాడి వినయం.

ఇప్పుడు దీన్ని మన కాలంలోకి తెచ్చుకుందాం. కావ్యంలో అడిగింది అమ్మాయి, చిక్కుకున్నది అబ్బాయి. మన దగ్గర ఎక్కువగా ఇది తిరగబడి ఉంటుంది. ఊరికి నలభై కిలోమీటర్ల దూరంలో గుట్ట. వచ్చింది అతని బండి మీద. పైన సిగ్నల్ లేదు. చీకటి పడుతోంది. అప్పుడు అతను అడుగుతాడు. మంచివాడే కావచ్చు, మనసులో ఏ దురుద్దేశమూ లేకపోవచ్చు. కానీ 'వద్దు' అన్నాక ఆమె అదే బండి వెనక సీటు మీద కూర్చుని నలభై కిలోమీటర్లు రావాలి. ఆ లెక్క అతని బుర్రలోకి రాకపోవచ్చు. ఆమె బుర్రలో మాత్రం ఆ లెక్కే ముందు నడుస్తుంది. అప్పుడొచ్చే 'సరే'కి ఎంత విలువ ఇవ్వాలి? 'ఆలోచించి చెప్తా' అన్నా అది ఆలోచనా, లేక క్షేమంగా కిందికి చేరడానికి వేసుకున్న ఎత్తా?

'వద్దు'ని బగ్ అనుకోవడం

ప్రవరుడు 'వద్దు' అనే చెప్పాడు. ఒక్కసారి కాదు, కారణాలతో సహా చాలాసార్లు. ఇంట్లో ముసలి తల్లిదండ్రులు తిండి తినకుండా ఎదురుచూస్తుంటారు, అగ్నిహోత్రం తప్పిపోతుంది, నేను వెళ్లాలి అన్నాడు.

వరూధిని ప్రతి కారణానికీ ఒక పరిష్కారం చెప్పింది. మీ ఊళ్లో ఉన్నవి గుడిసెలు, ఇక్కడ రత్నాల గుహలున్నాయంది. యజ్ఞాలు చేసేది ఎందుకు, స్వర్గం కోసమే కదా, స్వర్గంలో దొరికేది మాలాంటివాళ్ల పొందే కదా, అది ఇక్కడే దొరుకుతుంటే ఆ కష్టమంతా ఎందుకంది. డిబేటులో అయితే ఫస్ట్ ప్రైజ్ ఇవ్వచ్చు. ఎదుటివాడి పద్ధతిలోనే వెళ్లి ఎదుటివాణ్ణి ఓడించే వాదన అది.

చిక్కు ఏమిటంటే, అతను డిబేటుకి రాలేదు. అతను చెప్పిన కారణాలు ఒక్కొక్కటిగా కొట్టేస్తే చివరికి 'సరే' మిగులుతుందని ఆమె అనుకుంది. మనం కోడ్ రాసేటప్పుడు ఎర్రర్ వస్తే ఏం చేస్తాం? లైన్ పట్టుకుని సరిచేస్తాం, మళ్లీ రన్ చేస్తాం. మనిషి చెప్పిన 'వద్దు'ని అలా చూడటం మనకి తెలియకుండానే అలవాటవుతుంది. 'ఇంట్లో ఒప్పుకోరు' అంటే 'నేను మాట్లాడతా'. 'ఇప్పుడు చదువు మీద ఉన్నా' అంటే 'చదువయ్యాకే, ఎన్నాళ్లైనా ఆగుతా'. 'నాకలాంటి ఆలోచన లేదు' అంటే 'మెల్లిగా వస్తుందిలే'. ప్రతి జవాబూ ఎంతో ప్రేమగా ఉంటుంది. కానీ అవతలివాళ్లు కారణాలు చెబుతున్నది మర్యాద కోసం. కారణం తీసేసినంత మాత్రాన 'వద్దు' పోదు.

వాదన అయిపోయాక వరూధిని అతన్ని కౌగిలించుకోబోయింది. అతను భుజాలు పట్టి తోసేశాడు. ఆమె ఏడ్చింది. చివరికి ప్రవరుడు అగ్నిదేవుణ్ణి తలుచుకుంటే, అగ్ని అతని ఒంట్లో ప్రవేశించి, ఇల్లు చేర్చాడు. ఇక్కడ పెద్దన కథకు ఒక దేవుడి సాయం కావాల్సి వచ్చిందని గమనించండి. మామూలు మనిషికి ఆ కొండ దిగే దారి లేదు.

మరి వరూధినిది పాపం కాదా?

ఇక్కడ ఆగితే వరూధినికి అన్యాయం చేసినట్టే. ఆమె దుర్మార్గురాలు కాదు. ప్రేమించింది, అడిగింది, కాదంటే తట్టుకోలేకపోయింది. అతను వెళ్లిపోయాక ఆమె పడే బాధని పెద్దన ఎంత ఓపిగ్గా రాశాడో చదివితే, కవికి ఆమె మీద జాలి ఉందని తెలుస్తుంది. చదివేవాళ్లలో చాలామంది మనసు కూడా ప్రవరుడి వెంట కాక ఆమె దగ్గరే ఉండిపోతుంది.

పైగా తర్వాత మోసపోయింది ఆమే. అంతకు ముందు ఒక గంధర్వుడు ఆమెని కోరాడు, ఆమె కాదంది. ఇప్పుడు ఆమె మనసు ప్రవరుడి మీద ఉందని తెలుసుకుని, వాడు ప్రవరుడి రూపం వేసుకుని వచ్చాడు. ఆమె నమ్మింది, సరే అంది. ఆ కలయిక వల్ల స్వరోచి పుట్టాడు, స్వరోచి కొడుకే కావ్యానికి పేరిచ్చిన స్వారోచిష మనువు.

ఈ రెండో ఘట్టం గురించి క్లాసుల్లో తక్కువ మాట్లాడతాం. కానీ మొదటిదాని పక్కన పెట్టి చదివితే పెద్దన వేసిన లెక్క కనిపిస్తుంది. మొదటిచోట 'వద్దు' అన్నవాడికి వెళ్లే దారి లేదు. రెండోచోట 'సరే' అన్న మనిషికి ఎవరికి 'సరే' అంటోందో తెలియదు. దారి లేనప్పుడు 'వద్దు' చెల్లదు, నిజం తెలియనప్పుడు 'సరే' చెల్లదు. కాదన్న మనిషిని గంధర్వుడు గౌరవించి ఊరుకుని ఉంటే ఆమెకి ఆ మోసం జరిగేది కాదు. ఆమె కూడా ప్రవరుడి 'వద్దు'ని మొదటిసారే వినుంటే ఆ కన్నీళ్లు కొంతైనా తగ్గేవి.

కాళిదాసు రెండుసార్లు అడిగించాడు

ఇప్పుడు రెండో కొండ. కుమారసంభవాన్ని తెలుగులో నన్నెచోడుడూ రాశాడు కానీ, ఇక్కడ మనం కాళిదాసు సంస్కృత కావ్యాన్నే తీసుకుందాం. అందులో శివపార్వతుల్ని కలపడానికి రెండు ప్రయత్నాలు జరుగుతాయి.

మొదటిది మూడో సర్గలో. అది దేవతల ప్లాన్. శివుడు తపస్సులో ఉన్నాడు, పార్వతి సేవ చేస్తోంది. వసంతుణ్ణి తోడు తీసుకుని మన్మథుడు వచ్చాడు. కాలం కాని కాలంలో అడవంతా పూసింది, కోయిలలు కూశాయి. పార్వతి పూలు పెట్టుకుని వచ్చింది. మన్మథుడు బాణం ఎక్కుపెట్టాడు. ఇవాళ్టి మాటల్లో చెప్పాలంటే లొకేషన్, డెకరేషన్, మ్యూజిక్, టైమింగ్ అన్నీ సెట్. ఏమైంది? శివుడి మనసు ఒక్క క్షణం చలించింది, ఎందుకు చలించిందా అని చుట్టూ చూశాడు, మన్మథుడు కనిపించాడు, మూడో కన్ను తెరుచుకుంది. మన్మథుడు బూడిదయ్యాడు. పార్వతి సిగ్గుతో ఇంటికి వెళ్లిపోయింది.

రెండోది ఐదో సర్గలో. పార్వతి తండ్రి అనుమతి తీసుకుని, తల్లి మేన వద్దంటున్నా, ఒక శిఖరం మీదికి తపస్సుకి వెళ్లింది. తర్వాత దానికే గౌరీశిఖరమని పేరొచ్చింది. ఎండాకాలంలో నాలుగు మంటల మధ్య, చలికాలం రాత్రుళ్లు నీళ్లలో. చివరికి రాలిన ఆకులు తినడం కూడా మానేసి అపర్ణ అనిపించుకుంది. అప్పుడు ఒక బ్రహ్మచారి వచ్చాడు. ఎవరి కోసం ఈ తపస్సని అడిగాడు. శివుడి కోసమని చెలికత్తె చెప్పింది. అతను శివుణ్ణి తిట్టడం మొదలుపెట్టాడు. చేతికి పాములు, ఒంటికి బూడిద, కట్టుకునేది ఏనుగు తోలు, కాపురం శ్మశానంలో, ముఖాన మూడు కళ్లు, పుట్టుక ఎవరికీ తెలియదు, డబ్బు సంగతి చెప్పనే అక్కర్లేదు. వరుడిలో చూసేవాటిలో ఒక్కటైనా ఉందా అన్నాడు.

పార్వతి ఒక్కో మాటకీ గట్టిగా జవాబు చెప్పింది. ఇంకా ఏదో అనబోతున్నాడని తెలిసి, ఇక వినను, నేనే వెళ్లిపోతానని కదిలింది. అప్పుడు అతను నిజరూపం చూపించి ఆమెని పట్టుకున్నాడు. ఆ బ్రహ్మచారి శివుడే. ఈ రోజు నుంచి నీ తపస్సుకి అమ్ముడుపోయిన దాసుణ్ణన్నాడు.

పెద్దన గంధర్వుడూ మారువేషంలోనే వచ్చాడు, కాళిదాసు శివుడూ మారువేషంలోనే వచ్చాడు. తేడా ఎక్కడుంది? గంధర్వుడు వేషం వేసుకుని తన గురించి నిజం దాచాడు. శివుడు వేషం వేసుకుని తనలోని లోపాలన్నీ తానే చెప్పాడు. గంధర్వుడు 'సరే' తీసుకున్నాక కూడా వేషం తియ్యలేదు. శివుడు తన మనసు చెప్పుకునే ముందే వేషం తీసేశాడు. పార్వతి తన ఇష్టాన్ని అన్నీ విన్నాక, ఎదుట ఉన్నది ఎవరో తెలియనప్పుడే, ఎవరి మెప్పు కోసమూ కాకుండా చెప్పేసింది.

జవాబు కింద

నాకు ఇంకా నచ్చిన ఘట్టం ఆరో సర్గ మొదట్లో ఉంది. ఇంత తపస్సు చేసిన పార్వతి, కోరుకున్నవాడు ఎదురుగా నిలబడి నీవాణ్ణంటే అక్కడికక్కడే పెళ్లి మాట ఖాయం చెయ్యలేదు. చెలికత్తె చేత ఒక మాట చెప్పించింది: నన్ను ఇవ్వాల్సినవాడు మా నాన్న, ఆయన్ని అడగండి.

మన కంటికి ఇది పాతకాలపు మాటలా కనిపిస్తుంది. తండ్రి 'ఇవ్వడం' అనే ఆలోచనతో ఇవాళ మనలో చాలామంది ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే సరైంది. కానీ ఆ మాట వల్ల ఏం జరిగిందో చూడండి. విషయం శిఖరం మీంచి ఊళ్లోకి వచ్చింది. శివుడు కష్టంగానే అయినా ఆమెని అక్కడ వదిలి వెళ్లాడు. సప్తర్షుల్ని తలుచుకున్నాడు. వాళ్లు అరుంధతిని కూడా వెంటబెట్టుకుని హిమవంతుడి నగరం ఓషధిప్రస్థానికి వెళ్లారు. అంగిరసుడు పెళ్లి మాట ఎత్తాడు. తండ్రి పక్కన పార్వతి తల వంచుకుని చేతిలోని తామరపువ్వు రేకులు లెక్కపెడుతోంది. హిమవంతుడు భార్య ముఖం వైపు చూశాడు. ఆమె ఒప్పుకుంది. ముహూర్తం మూడు రోజుల తర్వాత.

మనసు చెప్పుకున్నది కొండ మీద, మాట ఖాయమైంది కింద. మధ్యలో కొంత టైముంది, ఆమె మనుషులు ఆమె చుట్టూ ఉన్నారు. అడిగినవాడు ఎదురుగా నిలబడి ఆమె ముఖంలోకి చూస్తూ లేడు. సాక్షాత్తూ శివుడు కూడా జవాబు కోసం ఆగాడు.

గుండె ఎందుకు కొట్టుకుంటోంది?

కావ్యాలు పక్కన పెట్టి ఒక ప్రయోగం సంగతి. 1974లో డొనాల్డ్ డటన్, ఆర్థర్ ఆరన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు కెనడాలోని వాంకూవర్ దగ్గర ఒక పరీక్ష చేశారు. కపిలానో నది మీద 230 అడుగుల ఎత్తులో ఊగే వేలాడే వంతెన ఉంది. దాన్ని దాటుతున్న మగవాళ్లని ఒక యువతి ఆపి కొన్ని ప్రశ్నలడిగి, వివరాలు కావాలంటే ఫోన్ చెయ్యమని నంబరిచ్చింది. తక్కువ ఎత్తులో గట్టిగా ఉన్న ఇంకో వంతెన దగ్గరా ఇదే చేసింది. వేలాడే వంతెన దగ్గర నంబరు తీసుకున్న 18 మందిలో 9 మంది ఫోన్ చేశారు. గట్టి వంతెన దగ్గర 16 మందిలో ఇద్దరే చేశారు.

చిన్న ప్రయోగమే, దీన్నే సూత్రమని పట్టుకోనక్కర్లేదు. కానీ వాళ్లు చూపించాలనుకున్న సంగతి మనకి అనుభవంలో ఉన్నదే. భయంతోనో ఆయాసంతోనో గుండె వేగంగా కొట్టుకుంటుంటే, పక్కనున్న మనిషి వల్లేనని పొరబడతాం. ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ఎత్తు సుమారు 12,500 అడుగులు. అక్కడ గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉండేదానిలో మూడింట రెండొంతులకి కాస్త తక్కువే. సరిగ్గా నిద్ర ఉండదు, తల నొప్పి, కాళ్లు వణుకు, పైకి చేరామన్న ఆనందం. జీవితాంతం నిలబడాల్సిన మాట అడగడానికి, చెప్పడానికి ఆ శరీరం సిద్ధంగా ఉందా? నిజమైన ఇష్టమైతే కిందికి దిగి, స్నానం చేసి, అన్నం తిని, నిద్రపోయి లేచాక కూడా ఉంటుంది.

కొండ ఎక్కే ముందు

కొండ మీద అడగకూడదని నేననడం లేదు. పార్వతి కథ జరిగిందే కొండ మీద. ఇద్దరూ ముందే మాట్లాడుకుని, మనసులు తెలిసి, ఆ రోజుని గుర్తుగా పెట్టుకోవడానికి శిఖరం ఎక్కితే అంతకంటే కావాల్సిందేముంది? నేను చెప్పేదల్లా, అవతలివాళ్ల జవాబేంటో మనకి నిజంగా తెలియనప్పుడు కొండని మన పక్షాన నిలబెట్టుకోకూడదని. చుట్టూ గుమిగూడిన స్నేహితులు, రికార్డవుతున్న ఫోన్లు, మన చేతిలో ఉన్న బండి తాళం, ఇవన్నీ మన పక్షమే. వరూధినికి కొండంతా తెలిసినట్టు.

అడిగేవాళ్లు వేసుకోవాల్సిన ప్రశ్నలు మూడు కనిపిస్తున్నాయి. వద్దంటే వాళ్లు నా సాయం లేకుండా ఇంటికి చేరగలరా? నా గురించి తెలియాల్సినవన్నీ, నాకు నచ్చనివి కూడా, వాళ్లకి తెలుసా? జవాబు ఇప్పుడే చెప్పక్కర్లేదని వాళ్లు నిజంగా నమ్ముతున్నారా? మూడింటికీ అవునని జవాబొస్తే ధైర్యంగా అడగండి. ఒక్కదానికి కాదని వచ్చినా ఉంగరం జేబులోనే ఉంచి కొండ దిగండి. కింద క్యాంటీన్లో టీ తాగుతూ అడిగినా ప్రశ్న విలువ తగ్గదు.

క్లబ్బు మీటింగులో మాట్లాడుకోవడానికి

1. వరూధిని మొదటే దారి చెప్పి, ఆ తర్వాత తన మనసు చెప్పి ఉంటే ప్రవరుడి జవాబు మారేదా? మారకపోయినా, చదివే మనకి ఆమె మీద అభిప్రాయం మారేదా?

2. మన్మథుడి బాణం ఓడిపోయి, బ్రహ్మచారితో వాదన గెలవడంలో కాళిదాసు ఏం చెప్పదలుచుకున్నాడు?

3. నిజరూపం చూపించగానే శివుడు, వెళ్లిపోతున్న పార్వతిని పట్టుకున్నాడు. వరూధిని కౌగిలికీ దీనికీ తేడా ఉందా? ఉంటే అది ఎక్కడుంది?

4. మన సినిమాల్లో హీరోయిన్ వద్దన్నాక హీరో వెంటపడే సీన్లు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని తీసుకుని, హీరోయిన్‌కి ఇంటికెళ్లే దారి ఎవరి చేతిలో ఉందో చూసి చెప్పండి.